మరిగిస్తే పోయేవి, పోనివి

నీళ్ల మీద అనుమానం వస్తే మన ఇళ్లల్లో మొదట చేసే పని వాటిని పొయ్యి మీద పెట్టి మరిగించడం. వానలు మొదలుకాగానే ఆరోగ్య శాఖవాళ్లు అదే చెబుతారు, పసిబిడ్డ ఉన్న ఇంట్లో అమ్మమ్మ కూడా అదే చెబుతుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. నీళ్లు కళపెళ ఒక్క నిమిషం మరిగితే టైఫాయిడ్, కలరా క్రిములు చస్తాయి. కామెర్లు తెచ్చే వైరస్‌లు, ఏలికపాము గుడ్లు కూడా మిగలవు.

అయితే ఆ గిన్నెలో ఉన్నది నైట్రేటో, ఫ్లోరైడో, సీసమో అయితే మంట వాటిని ఏమీ చేయలేదు. ఆవిరై పోయేది నీరు మాత్రమే. మరిగి మరిగి చారులో ఉప్పు ఎక్కువైనట్టు, మిగిలిన నీళ్లలో ఆ విషం ఇంకాస్త చిక్కబడుతుంది. ఒక రకం కాలుష్యానికి మందయినది మరో రకానికి బలం అవుతుందన్నమాట. అందుకే "ఈ నీళ్లు మంచివేనా?" అన్న ప్రశ్నకు సూటిగా జవాబు ఉండదు. దేని గురించి అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి. క్రిముల గురించా, ఆక్సిజన్ గురించా, ఉప్పుల గురించా, మందుల గురించా? ఒక్కొక్కటి ఒక్కో దారిలో వస్తుంది, ఒక్కో తీరున పోతుంది. కొన్ని అసలు పోవు.

ఇవన్నీ ఒకే చోట చూడాలంటే మనకు మూసీ ఉంది.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడిబొడ్డు నుంచి సాగి, భువనగిరి, సూర్యాపేట ప్రాంతాలు దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మొత్తం 240 కిలోమీటర్ల చిన్న నది. 1908 సెప్టెంబరు వరద నగరాన్ని ముంచేశాక, మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయింది. నగరానికి వరద భయం తగ్గింది, తాగునీరూ దొరికింది. కానీ ఆ ఆనకట్టల కింద, వానలు లేని రోజుల్లో, నదికి సొంత నీరు దాదాపు లేకుండా పోయింది.

మరి వేసవిలో కూడా నగరంలోని నాగోలు దగ్గర ఎడతెగకుండా పారుతున్నదేమిటి? నాగార్జునసాగర్ నుంచి తెచ్చిన కృష్ణ నీళ్లు, ఎల్లంపల్లి నుంచి తెచ్చిన గోదావరి నీళ్లు, సింగూరు నుంచి తెచ్చిన మంజీర నీళ్లు. నగరం వాటిని తాగి, వాటితో వండుకుని, తోముకుని, కడుక్కుని వదిలేసినవి. వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎక్కించి తెచ్చుకున్న కృష్ణమ్మను, వాడేసి మూసీ దారిన సాగర్ ఆనకట్టకు దిగువన మళ్లీ కృష్ణలోనే కలుపుతున్నాం. అక్కడి నుంచి ఆ నీరు పులిచింతలకు, ప్రకాశం బ్యారేజీకి పోతుంది. ఆ బ్యారేజీ నీళ్లే విజయవాడ తాగుతుంది, కృష్ణా డెల్టా పండించుకుంటుంది. దూరం, మధ్యలో కలిసే నీళ్లు చాలావరకు కాపాడుతున్నాయి కాబట్టి ఆ సంగతి మనకు అంతగా పట్టదు.

ఊపిరి లెక్క

మురుగు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది నలుపు, కంపు. ఆ రెండూ మురికి సొంత గుణాలు కావు. నదిలో ఆక్సిజన్ అయిపోయిందని చెప్పే గుర్తులు.

గాలిలో ఆక్సిజన్‌కు లోటుండదు. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. నీటిలో కరిగేది మాత్రం చాలా తక్కువ. 30 డిగ్రీల వేడిలో లీటరు స్వచ్ఛమైన నీరు పట్టగలిగేది 7.5 మిల్లీగ్రాములే. నీరు వేడెక్కిన కొద్దీ అదీ తగ్గుతుంది. విద్యుత్ కేంద్రాలు వేడినీళ్లు వదిలితే అందులో ఏ విషం లేకపోయినా చేపకు కష్టమయ్యేది ఇందుకే. చేపలు, నత్తలు, నీటి పురుగులు, మంచి చేసే సూక్ష్మజీవులు అన్నీ ఆ కాస్త ఆక్సిజన్ మీదే బతకాలి.

అన్నం, నూనె, మలం, సబ్బు, పశువుల పేడ వంటివి నీటిలో పడితే సూక్ష్మజీవులు వాటిని తిని కరిగించేస్తాయి. మంచి పనే. కాకపోతే తింటున్నంతసేపూ ఆక్సిజన్ పీలుస్తాయి. ఒక లీటరు నీటిలోని మురికిని ఇలా కరిగించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో కొలిచే లెక్కనే బీఓడీ అంటారు. స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇళ్ల నుంచి వచ్చే పచ్చి మురుగులో అది 200 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఒక లీటరు మురుగును ఊపిరాడేలా కరిగించాలంటే దాదాపు 30 లీటర్ల మంచినీళ్లలోని ఆక్సిజన్ మొత్తం ఖర్చవుతుంది. గోదావరి లాంటి నదికి ఆ నీళ్లుంటాయి. ఎగువన రెండు ఆనకట్టలు మూసేసిన మూసీకి ఎక్కడినుంచి వస్తాయి? నది మురికిని భరించలేకపోవడానికి సగం కారణం మనం కలిపే మురికి అయితే, మిగతా సగం మనం అందులో లేకుండా చేసిన మంచినీరు. నది ప్రక్షాళన గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో సగం ఎప్పుడూ వెనక్కి పోతుంది. నాకు మాత్రం అదే ముఖ్యమనిపిస్తుంది.

ఆక్సిజన్ అయిపోయాక కూడా కుళ్లడం ఆగదు. ఆక్సిజన్ అక్కర్లేని మరో జాతి బ్యాక్టీరియా పని అందుకుంటుంది. అవి నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి. కుళ్లిన గుడ్డు కంపు దానిదే. అదే వాయువు బురదలోని ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. మూసీ నలుపులో చాలా భాగం ఆ ఇనుముది. నాలా పక్క ఇళ్లల్లో వెండి పట్టీలు, ఇత్తడి బిందెలు తోమిన కొద్దీ నల్లబడటానికి కారణం కూడా గాలిలో తేలి వచ్చే ఆ వాయువే.

2021 నాటి హైదరాబాద్ జలమండలి లెక్క ప్రకారం జీహెచ్‌ఎంసీ పరిధిలో రోజుకు సుమారు 165 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి చేయగలిగింది 77 కోట్ల లీటర్లు. అంటే సగం కంటే తక్కువ. ఆ ఏడాదే 125 కోట్ల లీటర్లకు పైగా సామర్థ్యంతో 31 కొత్త శుద్ధి కేంద్రాలు మంజూరు చేశారు. బీఓడీ ఒక్కటే మన సమస్య అయితే, ఆ కేంద్రాలన్నీ పూర్తి శక్తితో నడిచిన రోజు మూసీ నలుపు, కంపు చాలావరకు పోతాయి. ఇది ఆశపడి అంటున్న మాట కాదు. ఈ రకం మురికిని వదిలించుకోవడం మనిషికి వంద ఏళ్ల కిందటే తెలుసు. నీటిలోకి గాలి ఊది, సూక్ష్మజీవులకు పని అప్పగించి, అవి పెరిగాక అడుగున తేర్చి తీసేయడమే.

రాత్రి ఖాళీ అయిన పైపు

క్రిములది వేరే కథ. వాటిని నీటిలో కంటికి చూడలేం, వాసన పట్టలేం. తళతళలాడే నీళ్లలో కూడా కలరా ఉండొచ్చు.

2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో కుళాయి నీళ్లు తాగి పది మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఇలాంటివి ఎలా జరుగుతాయో తెలిస్తే, మన ఊళ్లల్లో ఇంత తరచుగా ఎందుకు జరుగుతాయో అర్థమవుతుంది. మన దగ్గర కుళాయి నీళ్లు రోజంతా రావు. రెండు గంటలో, రోజు విడిచి రోజో వస్తాయి. నీళ్లు పారుతున్నంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి, ఎక్కడైనా చిల్లు ఉంటే లోపలి నీరు బయటికి కారుతుంది తప్ప బయటిది లోపలికి రాదు. సరఫరా ఆపగానే పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి బయటికంటే తక్కువైపోతుంది. ఆ పైపు పక్కనే, ఒక్కోచోట దాని మీదుగానే, డ్రైనేజీ లైను ఉంటుంది. తుప్పు పట్టిన అతుకుల గుండా మురుగు లోపలికి చేరుతుంది. పొద్దున నీళ్లు వదలగానే ముందుగా బిందెలో పడేది అదే. దీనికి తోడు కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే, ఆ పీల్చుడు వీధంతటి మీదా పడుతుంది. శుద్ధి కేంద్రంలో నీళ్లు ఎంత బాగా ఉన్నా, ఇంటిదాకా వచ్చేసరికి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్న నియమం పెట్టింది దారిలో కలిసే ఇలాంటివాటి కోసమే. నీళ్లలో క్లోరిన్ వాసన వస్తోందని విసుక్కునేవాళ్లు ఉంటారు. నేనైతే ఆ వాసన రాని రోజునే భయపడాలంటాను.

మురుగులో క్రిములు ఉండటం వల్ల ఒక మేలు కూడా జరిగింది. 2016లో నగరంలోని అంబర్‌పేట మురుగు నమూనాలో, టీకా నుంచి మారిన రెండో రకం పోలియో వైరస్ బయటపడింది. ఏ బిడ్డకూ కాలు పడిపోకముందే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని శుద్ధి కేంద్రాల మురుగులో కొవిడ్ వైరస్ ఆనవాళ్లను కొలిచి, సుమారు 6 లక్షల మందికి అప్పటికే సోకి ఉంటుందని అంచనా కట్టారు. పరీక్షల్లో తేలిన కేసులు అందులో చిన్న భాగమే.

కత్వలు చేసిన పని

హైదరాబాద్ దాటాక మూసీ మీద నిజాం కాలం నాటి చిన్న చిన్న కత్వలు, అంటే అడ్డుకట్టలు, వరసగా ఉంటాయి. పిల్లాయిపల్లి, భీమలింగం లాంటి కాల్వలు వాటి నుంచే పారతాయి. పొలాలకు నీళ్లు మళ్లించడానికి కట్టినవి. నదిని శుద్ధి చేయాలన్న ఆలోచన వాటిని కట్టినవాళ్లకు ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే అప్పట్లో నదిలో ఇంత మురుగు లేదు.

అయినా ఇవాళ ఆ పని చేస్తున్నాయి. కత్వ వెనక నీరు నెమ్మదిస్తుంది. బరువైన మురికి, పురుగుల గుడ్లు అడుగుకు దిగుతాయి. ఎండ సోకి క్రిములు చస్తాయి. కత్వ మీంచి దూకేటప్పుడు నీరు గాలిని పట్టుకుని కిందికి పోతుంది. సబ్బుల నురగ లేచేది కూడా అక్కడే కాబట్టి చూసేవాళ్లకు అదే చోటు అన్నింటికంటే రోతగా కనిపిస్తుంది. నిజానికి నది కోలుకోవడం అక్కడే మొదలవుతుంది. నగరం నుంచి 40 కిలోమీటర్ల దూరం పోయేసరికి బీఓడీ, మలక్రిములు, పురుగుల గుడ్లు బాగా తగ్గిపోతున్నట్టు మూసీ మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. పైసా కరెంటు ఖర్చు లేకుండా జరిగే శుద్ధి ఇది.

కానీ ఆ లాభం నగరానికి దగ్గరగా ఉన్న రైతుకు అందదు. అక్కడ పచ్చి మురుగులోనే దిగి పారాగడ్డి కోస్తారు, ఆకుకూరలు వేస్తారు. ఆ గడ్డే నగరంలోని బర్రెలకు మేత. ఒట్టి కాళ్లతో ఆ మడుల్లో తిరిగేవాళ్లకు కొంకి పురుగు పట్టడం మామూలు మడుల్లో పనిచేసేవాళ్లకంటే ఎక్కువని పరీక్షల్లో బయటపడింది. ఆ పురుగు నోటి గుండా రానక్కర్లేదు, అరికాలి చర్మంలోంచే దూరుతుంది. పేగులో చేరి రక్తం తాగుతుంది. మనిషి పాలిపోతాడు, ఆయాసపడతాడు, పని సాగదు. అక్కడ గడ్డి కోసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అసలే రక్తం తక్కువ ఉన్నవాళ్లు. మూసీ వల్ల ఎవరికి నష్టం అని అడిగితే, ఆ జాబితాలో మొదటి పేరు వాళ్లదే కావాలి.

కత్వలు తీసేయలేనివి రెండున్నాయి. ఒకటి పైరుకు పుష్టినిచ్చే నత్రజని, భాస్వరం. మనం తిన్న తిండిలోవి, బట్టలు ఉతికే పొడిలోవి, పొలాల్లో చల్లిన యూరియాలోవి అన్నీ నీటిలోకి చేరతాయి. యూరియా ఖర్చు తగ్గిందని మొదట్లో రైతుకు సంతోషమే. తరవాత వరి అవసరానికి మించి ఏపుగా పెరుగుతుంది. ఆకు ముదురు పచ్చగా, దుబ్బు దట్టంగా, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాడకు బలం చాలక పడిపోతుంది, సుడిదోమ పడుతుంది, కోతకొచ్చేసరికి కంకిలో తాలు. ఎరువును అవసరం వచ్చినప్పుడు వేయొచ్చు, అక్కర్లేనప్పుడు ఆపేయొచ్చు. మూసీ నీళ్లలో వచ్చే ఎరువును ఆపడం రైతు చేతిలో లేదు.

అవే పోషకాలు చెరువులో చేరితే గుర్రపుడెక్క అల్లుకుంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క, కడుపునిండా తిండి దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీటి మీద చాప పరిచినట్టు కప్పేస్తే కింద ఎండ పడదు, గాలి తగలదు, ఆక్సిజన్ పడిపోతుంది. పైగా దోమలు. ఏటా యంత్రాలతో తీయిస్తూనే ఉంటాం, అది పెరుగుతూనే ఉంటుంది. చెరువులోకి వచ్చే మురుగును ఆపకుండా డెక్కను తీయడానికి పెట్టే డబ్బును నేను వృథా అనే అంటాను.

రెండోది ఉప్పు. కిందికి పోయిన కొద్దీ మురికి తగ్గుతుంటే, కరిగిన లవణాలు మాత్రం పెరుగుతూ పోతాయి. పొలానికి పారిన నీటిలో మొక్కలు నీటిని పీల్చుకుని ఉప్పును వదిలేస్తాయి. మిగిలిన నీరు మళ్లీ నదిలోకే ఊరుతుంది. ఇంకో కత్వ, ఇంకో కాల్వ, మళ్లీ అదే. సూక్ష్మజీవులు ఉప్పును తినవు, ఎండ దాన్ని చంపదు. మరిగించడానికి లొంగనివాటిలో మొదటిది ఇదే. సీసం, క్యాడ్మియం, క్రోమియం లాంటి భారలోహాలు కూడా అంతే. పూత పనులు, తోళ్ల శుద్ధి, బ్యాటరీల నుంచి వచ్చినవి విరిగిపోవు, బురదను పట్టుకుని దశాబ్దాలు ఉంటాయి. నీటి నమూనాలో తక్కువగా కనిపించినా, బురద తిన్న పురుగులో, పురుగును తిన్న చేపలో కొన్ని అంతకంతకూ పోగవుతాయి. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన నరాల జబ్బు పాదరసం వల్ల మనుషులకు వచ్చింది ఈ దారిలోనే. అక్కడివాళ్లు విషం తాగలేదు. తాము రోజూ తినే చేపను తిన్నారు.

మందు నదిలో కలిస్తే

నగరం శివార్లలోని పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల నుంచి వచ్చే వ్యర్థజలాలు ఒకప్పుడు నక్కవాగు దారిన మంజీరలోకి, అంటే గోదావరిలోకి పోయేవి. ఆ వాగు ఒడ్డు ఊళ్లల్లో పంటలు, పశువులు పాడైపోతే రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. సుప్రీంకోర్టులో 1990లో కేసు పడింది. చివరికి, ఉమ్మడి శుద్ధి కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులో నగరం డ్రైనేజీకి కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కడినుంచి మూసీకి మళ్లించారు. గోదావరికి పోయే వ్యర్థం కృష్ణకు మళ్లింది. నక్కవాగు రైతులకు ఊరట దక్కాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ నీటిలో ఉన్నది అలాగే ఉండి నది మాత్రం మారితే, దాన్ని పరిష్కారం అనడానికి నాకు నోరు రాదు.

ఆ నీటిలో ఏముందో 2007లో ప్రపంచానికి తెలిసింది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి వచ్చేవి. శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. ఆ ఒక్క కేంద్రం నుంచి రోజుకు 45 కిలోల దాకా ఆ మందు నీటిలోకి పోతోందని, స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత అదని ఆ బృందం లెక్కగట్టింది.

శుద్ధి కేంద్రం పనిచేయకపోవడం వల్ల ఇది జరగలేదు. బీఓడీ లాంటి కొలతల కోసం కట్టిన కేంద్రానికి సిప్రోఫ్లాక్ససిన్‌ను తొలగించే సాధనం లేదు, తొలగించమని చెప్పిన నిబంధనా లేదు. పైగా శుద్ధి చేసేది బ్యాక్టీరియా. బ్యాక్టీరియాను చంపే మందును వాటి ముందే పోశాం. బలహీనమైనవి చస్తాయి. ఆ మందుకు తట్టుకునే జన్యువు ఉన్న ఏ కొన్నో మిగిలి, తిండికి పోటీ లేక వేగంగా పెరుగుతాయి. ఈ జన్యువులను బ్యాక్టీరియా తమ పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకూ ఇచ్చేయగలవు. నీటిలో ఎవరికీ హాని చేయని క్రిమి దగ్గర పుట్టిన శక్తి, మనిషి పేగులో జబ్బు తెచ్చే క్రిమికి చేరొచ్చు. అప్పుడు మూత్రనాళంలో ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రికి వచ్చిన మనిషికి మొదటి మందు పనిచేయదు, రెండోదీ పనిచేయదు. ఆ మనిషి మూసీని చూసి కూడా ఉండకపోవచ్చు.

మందుల పరిశ్రమ మీద కోపంతో ఈ మాట చెప్పడం లేదు. చవకైన మందులు తయారుచేసి ప్రపంచంలో ఎంతోమందికి అందుబాటులోకి తెచ్చిన నగరం మనది, అది గర్వించదగ్గ సంగతే. ఆ మందులు పనిచేస్తూ ఉండాలంటేనే వాటిని నీళ్లలో పోయకూడదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో 121 యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. అలాంటి ప్రయత్నం ప్రపంచంలో చాలా అరుదు. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక అందులో లేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థజలాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలు, చట్టం కావు.

ఎవరూ కలపని విషం

నల్లగొండలో మూసీ ఒడ్డు రైతు ఆ నీళ్లు తాగలేక బోరు వేయించాడనుకుందాం. రాతిని తొలుచుకుని వందల అడుగుల లోతు నుంచి నీరు పైకొస్తుంది. చల్లగా, కొబ్బరినీళ్లలా తేటగా ఉంటుంది. క్రిములు దాదాపు ఉండవు. అందులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

దీన్ని ఏ ఫ్యాక్టరీ కలపలేదు. ఆ నేల కింది గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి వేల ఏళ్లుగా కరిగి వస్తున్నది. నీరు రాతితో ఎంత ఎక్కువ కాలం గడిపితే అంత ఎక్కువ కరుగుతుంది కాబట్టి లోతు బోర్లలో ముప్పు ఎక్కువ. చెరువులు, ఊట బావులు ఉన్నప్పుడు పైపొరలోని వాన నీరు తాగిన జనం, అవి ఎండి బోర్లకు మారాక రాతి నీళ్లు తాగడం మొదలుపెట్టారు. ఇందులో రసాయన శాస్త్రపు ముడి ఒకటుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి అడుగుకు దిగిపోతుంది. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్లలోనే అది కరిగి నిలుస్తుంది. పప్పు తొందరగా ఉడుకుతుందని, సబ్బు బాగా నురగ వస్తుందని ఇల్లాలు మెచ్చుకునే మెత్తటి నీళ్లు అవే. రుచి, రంగు, వాసన, పప్పు ఉడకడం, ఇలా మన పెద్దలు నీటికి పెట్టిన పరీక్షలన్నీ నెగ్గిన నీరు పిల్లవాడి ఎముకల్ని వంచేస్తుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. నల్లగొండ ఎముకల జబ్బు మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లో వ్యాసం వచ్చింది. పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకునే రూపాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో వర్ణించారు. భారతీయ ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, మరో దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పళ్ల మీద గోధుమరంగు చారలతో మొదలై, ఎముకల చుట్టూ ఉన్న నరాల్లాంటి కట్లు గట్టిపడి, వెన్ను బిగుసుకుపోయి, నలభై ఏళ్లకే మనిషి తల తిప్పలేని స్థితికి వస్తాడు. వచ్చిన వంకర మళ్లీ పోదు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. అది ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో 'నల్లగొండ పద్ధతి'గానే ఉంది. బిందె దగ్గరే చేసుకోవచ్చు. కానీ ప్రతి బోరుకూ మోతాదు వేరు, రోజూ కొలవాలి, తేర్చాలి, మడ్డి పారబోయాలి. కూలికి పోయే ఇంట్లో అది నిలవలేదు. తరవాత ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాయి. అవి ఫ్లోరైడ్‌ను తీసి ఒకవైపు మంచినీళ్లు, మరోవైపు చిక్కటి వ్యర్థం ఇస్తాయి. ఆ వ్యర్థాన్ని ప్లాంటు పక్క కాలువలోకి వదిలితే అది ఇంకి మళ్లీ అదే భూమిలోకి పోతుంది. చివరికి పనిచేసింది నీటి మూలాన్నే మార్చడం. మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణ నీళ్లు వచ్చాక, తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం ప్రకటించింది. పైపు ఆగిన రోజున బోరు కొట్టుకునే ఇళ్లు ఉన్నంతకాలం ఆ మాటను కాపాడుకుంటూ ఉండాలి.

భూగర్భంలో ఫ్లోరైడ్‌కు తోడు మనం కలిపిన నైట్రేట్ ఉంది. యూరియా, సెప్టిక్ ట్యాంకులు, పేడకుప్పల నుంచి నత్రజని నైట్రేట్‌గా మారి వాన నీటితో కిందికి ఇంకుతుంది. మట్టి దాన్ని పట్టి ఉంచదు. ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు అంత తొందరగా తెలియదు. ఆరు నెలల లోపు బిడ్డకు డబ్బా పాలు ఆ నీళ్లతో కలిపి పడితే, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది. పెదాలు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి. ఆ తల్లి జాగ్రత్త కొద్దీ నీళ్లను ఇంకా ఎక్కువసేపు మరిగిస్తే బిడ్డకు చేరే నైట్రేట్ ఇంకా పెరుగుతుంది. బోరు నీళ్లు పరీక్ష చేయించే వరకు పసిబిడ్డకు పట్టవద్దన్న మాట ప్రతి అంగన్‌వాడీలో గోడ మీద రాసి ఉండాలని నా కోరిక.

ఆ పరీక్షకు ఇప్పుడు పట్నం పోనక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, నీటిని పరీక్షించే కిట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఫ్లోరైడ్, నైట్రేట్, కఠినత, మిగిలిన క్లోరిన్, ఇనుము లాంటివి ఊళ్లోనే రంగు మార్పును బట్టి చూడొచ్చు. క్రిముల కోసం చిన్న సీసా ఉంటుంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసి ఉన్న నీరు నల్లగా మారుతుంది. సీసాలో జరిగేది మూసీలో జరిగేదే. రెండు చోట్లా బ్యాక్టీరియా వదిలిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుముతో కలుస్తుంది. కొత్త బోరు వేసినప్పుడు మొదటి నీళ్లు, వాన వెలిసిన వెంటనే ఒకసారి, ఎండాకాలం నీటిమట్టం దిగినప్పుడు ఒకసారి చూడాలి. మూడు సందర్భాల్లోనూ ఒకే ఫలితం రాదు.

సీసం, ఆర్సెనిక్, పురుగుమందులకు ఆ కిట్టు చాలదు, నమూనాను జిల్లా ప్రయోగశాలకు పంపాలి. వీటన్నిటికీ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పట్టికలో హద్దులున్నాయి. సిప్రోఫ్లాక్ససిన్‌కు ఆ పట్టికలో గడి లేదు. ఏ ఊరి ప్రయోగశాలా దాని కోసం వెతకదు, వెతకమని ఎవరూ అడగలేదు.